లేపాక్షి కప్పు చిత్తరువులు – జీర్ణోద్ధారణ విచారము

మన దేవాంగ కులసభల సంచికలలో జీర్ణోద్ధారణమునకు ద్రవ్యమిచ్చిన దాతల నామములు ప్రకటించుట చిరకాలాచారము. ఆ నామములఁ జదివి సంతసింపని కులబాంధవుఁ డుండఁడు. అయినను ఆ ద్రవ్యముతో జరుగు పనులలో నొకదానిని గూర్చి మేము కొంత నిర్భయముగా వ్రాయఁదలఁచితిమి. అది పాత గచ్చుకప్పును బాగుచేయుట, దానికి మరల రంగు వేయుట. హిందూపురము, పెనుగొండ, ధర్మవరము, కదిరి, నల్లచెఱువు ప్రాంతముల గుళ్లలోను సత్రములలోను తాతలనాఁటి గచ్చు రాలుచున్న దనఁగానే నేఁడు పెక్కుచోట్ల జరుగు పని యిది: ఉన్న గచ్చు నంతయు సుత్తితోఁ గొట్టి రాల్తురు, సిమెంటు పూయింతురు, దానిమీఁద డబ్బాలలో దొరకు మెఱుఁగు రంగులతో పద్మములు, చిలుకలు వేయింతురు, దాత పేరు చలువరాతిపైఁ జెక్కింతురు. పని కొలఁది వారములలో ముగియును. చూచువారు బాగున్న దందురు. రాల్చిన గచ్చుతోఁ గూడ నేమి పోయినదో యడుగువాఁ డుండఁడు.

ఏమి పోవునో తెలిసికొనుటకు మన మెంతో దూరము పోనక్కఱలేదు. హిందూపురమునకు తూర్పుగా సుమారు తొమ్మిది మైళ్లలో లేపాక్షి యున్నది.

కూర్మశైలమను తాఁబేటివీఁపు వంటి గండశిలపై నున్న యా వీరభద్రాలయము విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున, అనఁగా 1529 మొదలు 1542 వఱకు నడచిన రాజ్యమున, నిప్పటి రూపమును దాల్చెను. కట్టించినవారు విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు. వారు నంది లక్ష్మిసెట్టి కుమారులు. విరూపణ్ణ పెనుగొండ సీమలో రాజోద్యోగి. బొక్కసమును చూచువాఁడని ప్రసిద్ధి. ఇట్టి మహాదాత తమవాఁడే యని చెప్పికొన నాశపడని కులము రాయలసీమలో లేదు. మా కా తగవుతోఁ బనిలేదు. ఆయన యెవ్వరివాఁడైనను, ఆయన చేయించిన కప్పును చూచి నేర్చుకొనవలసిన వారిలో మగ్గము పట్టినవారు మొదటివా రని మాత్రము చెప్పఁగలము.

ఆయనను గూర్చిన కథ యందఱు నెఱిఁగినదే. బొక్కసపు ధనమును రాజానుజ్ఞ లేక గుడికి వెచ్చించెనని కొండెములు పుట్టఁగా, రాజదండనము తనమీఁదికి రాకమునుపే తన కన్నులను తానే పెఱికికొని గోడకు విసరెననియు, కల్యాణమండప మందుచేతనే సగములో నిలిచిపోయెననియు, గోడమీఁది యెఱ్ఱని చాఱ లా నెత్తురే యనియు చెప్పుదురు. ఊరిపేరునకు గూడ దీనితో ముడివేయుదురు. మఱికొందఱు రామచంద్రుఁడు జటాయువును జూచి "లే పక్షీ" యన్నాఁడని చెప్పుదురు. ఇవి జనశ్రుతులు, చరిత్రముగాఁ గొనఁదగవు. కాని శిల్పశాస్త్రములలో లేపమనఁగా గోడకును కప్పునకును పూయు పూఁత. కన్ను పోయినదను కథ కల్గిన యీ యూర, కంటికి విందగు లేపము నాలుగువందల యేండ్లకు మించి కప్పును పట్టుకొని వ్రేలాడుచున్నది. పేరునకు నిజమైన యుత్పత్తి యేదైనను, ఈ పొందిక మాకు ముచ్చటగాఁ దోఁచినది.

ఆ కప్పు నెట్లు చూడవలెనో కొంత చెప్పెదము. నాట్యమండపమున స్తంభములపై దూలములును, దూలములపై రాతిబండలును పఱచి యున్నవి. దూలమునకు దూలమునకు నడుమనున్న బండల యడుగుభాగము నిడుపైన పట్టీవలె నేర్పడినది. ఆ పట్టీలపై గచ్చు పూసి, దానిపై కథలను వరుసగా వ్రాసిరి. గిరిజాకల్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము, శ్రీరామ పట్టాభిషేకము, కన్నకొడుకుకంటె ధర్మమే మిన్న యని రథముక్రిందఁ బడిన దూడకై న్యాయము తీర్చిన మనునీతిచోళుని కథ, మఱ్ఱియాకుపైఁ బవళించిన బాలకృష్ణుఁడు, ఇవి యన్నియు తలయెత్తి చూచువానికి వరుసగాఁ గానవచ్చును. లోపలి యర్ధమండపమున శివలీలామూర్తులు. గర్భగృహమునకు ముందు, కప్పు నడుమ, సుమారు ఇరువదియైదడుగుల పొడవున వీరభద్రుఁడు. ఆయన పాదములచెంత చేతులు మోడ్చి నిలిచిన దాతలు.

చిత్రకారుల రంగులు కొలఁదివే. ఎఱ్ఱమట్టి, పచ్చని మట్టి, సున్నపు తెలుపు, మసి నలుపు, ఒక విధమగు ఆకుపచ్చ, వీని కలయికలు. వెనుక భాగము పెక్కుచోట్ల నెఱుపు. నీలము దాదాపు కానరాదు. మొదట సన్నని యెఱ్ఱగీఁతతో రూపము నేర్పఱచి, రంగు నింపి, కడపట నలుపుతో హద్దు కట్టినారు. ఆ నల్లగీఁతలోనే చిత్రకారుని ప్రాణ మున్నది. ముక్కుకొన, కనుదోయి, కుచ్చెళ్ల మడత, అన్నియు నొక్క విసరున వచ్చినవే కాని దిద్దినవి కావు.

మన వారు చూడవలసినది బట్టలు. ఈ కప్పు విజయనగరకాలపు వస్త్రములకు తెఱచి పెట్టిన జవుళి యంగడి. వరుసగా నిలిచిన స్త్రీలలో నొకతె చీర చాఱలది, ఒకతెది గడులది, ఇంకొకతెది పూవులది. అంచున హంసలు నడచిన చీరలు గలవు. చెఱఁగు వ్రేలాడు తీరు, కుచ్చెళ్లు విచ్చుకొను తీరు స్త్రీకి స్త్రీకి వేఱు. పురుషులు పొడవైన కుళ్లాయిలు పెట్టి, పారదర్శకములగు నుత్తరీయములు దాల్చినారు. లతామండపపు స్తంభములపై రాతిలోఁ జెక్కిన తీఁగెలు, పూవులు, గడులు ధర్మవరపు నేఁతగాండ్రు తమ యంచులకును చెఱఁగులకును గైకొన్నారను మాట లోకవిదితము. కాని రాయి రూపమును మాత్రమే చెప్పును. ఏ రంగు ప్రక్కన ఏ రంగు నిల్పిరి, ఎఱ్ఱని మైకి ఏ యంచు కట్టిరి, గడికి గడికి నడుమ తెల్లనిగీఁత యెంత సన్నము, ఈ సంగతులు రాయి చెప్పఁజాలదు. అవి కప్పుమీఁది యా పలుచని గచ్చుపొరలో మాత్రమే యున్నవి. పదునాఱవ శతాబ్దపు చీర లేపాక్షి ప్రాంతమున నేయింటి పెట్టెలోను మిగిలియుండ దనుట స్పష్టము. పట్టును నూలును కాలము తినివేయును. చీర చినిఁగినది, దాని బొమ్మ మిగిలినది. ఆనా డాల్లాపికోలా, బ్రిగిత్తె ఖాన్ మజ్లిస్, జార్జి మిచెల్ మొదలగు పాశ్చాత్య పండితులు 2019లో వెలువఱచిన లేపాక్షి గ్రంథమున నీ వస్త్రములకుఁ బ్రత్యేక స్థానమిచ్చిరి. మన కప్పును మనకంటె ముందుగ వారు తలయెత్తి చూచి రనుట కొంత సిగ్గుపడవలసిన మాటయే.

ఇంతటి సంపద వ్రేలాడుచున్న యాధార మేమి? వ్రేలెడు మందమైన నుండని సున్నము. గోడమీఁది పూఁత గోడ నానుకొని నిలుచును. కప్పుమీఁది పూఁతకు క్రింద నేయాధారమును లేదు. రాతిని పట్టుకొన్న పట్టే దాని బలము. ఆ పట్టు సడలిన చోట, కన్నునకు గానరాని పొల్లు మొదట నేర్పడును. వ్రేలి గణుపుతో మెల్లగాఁ దట్టినచో గట్టిచోట మొద్దుధ్వనియు, సడలినచోట డొల్లధ్వనియు వచ్చును. డొల్లయైన గచ్చు వెంటనే రాలదు. ఏండ్ల తరబడి యంచుల యూఁతతో నిలిచి, యొకనాఁడు పళ్లెమంత ముక్కగా నూడిపడును.

పూర్వు లీ గచ్చును తేలికపనిగాఁ దలఁపలేదు. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రమున ఇటుకపొడి, మట్టి, గుగ్గిలము, మైనము, బెల్లము, పెసలు, సున్నము, మారేడుపండు గుజ్జు కలిపి నానఁబెట్టు విధము చెప్పఁబడినది. చాళుక్యరాజగు మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దమునఁ జేయించిన మానసోల్లాసమున, దున్నపోతు తోలును వెన్నవలె నగు వఱకు కాఁచి తీసిన వజ్రలేపమును తెల్లమట్టిలోఁ గలిపి గోడకు పూయుట కలదు. మన సీమ మేస్త్రీలు నిన్నమొన్నటి దాఁక చేసినది వీనికి చుట్టమే. సున్నపురాతిని కాల్చి, గుంటలో నీటితో మగ్గఁబెట్టి, ఇసుకతో గానుగలో నూఱి, కరకకాయ నీరును బెల్లపునీరును పోసి మెదిపిన గచ్చు అది. పైపూఁతకు కోడిగ్రుడ్డు సొన చేర్చి, నున్నని రాతితో రుద్ది అద్దమువలె మెఱయించుటయుఁ గలదు. పూసిన పిదప నా సున్నము గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లమెల్లగఁ బీల్చికొని మరల సున్నపురాయిగా మాఱును. రాయి కాలి సున్నమై, సున్నము గాలి పీల్చి మరల రాయియగు నీ చక్రము పూర్తియగుటకు వారములు చాలవు, నెలలు పట్టును. ఆ తాళిమి లేని కాలములోనే సిమెంటు మనకుఁ బ్రియమైనది.

మద్రాసు మ్యూజియములో రసాయనజ్ఞుఁడుగా నుండిన ఎస్. పరమశివన్ గారు 1930–40 ప్రాంతమున దక్షిణదేశపు పాతచిత్తరువుల గచ్చుతునుకలను తెచ్చి పరీక్షించిరి. తంజావూరు, సిత్తన్నవాసలు చిత్తరువులతోపాటు లేపాక్షివియు, మన నల్లచెఱువునుండి మదనపల్లె పోవు త్రోవలో ములకలచెఱువు దగ్గఱనున్న సోమపల్లె చెన్నకేశవాలయపు చిత్తరువులును వారి పరిశోధనలోఁ జేరినవి. నల్లచెఱువు వారు లేపాక్షికిఁ బోవుటకుఁ గదిరి, గోరంట్ల దాఁటి పడమటికి పోవలెను. సోమపల్లె వారి కింకను చేరువ. అంత చేరువలో విజయనగరకాలపు కప్పుచిత్రము లున్నవని మన పిల్లలలో నెంతమందికిఁ దెలియును?

ఇఁక కప్పు చెడుటకుఁ గారణములు. చిత్తరువు చెడినదని తలయెత్తి చూచుట సహజము. కాని రోగము క్రింద లేదు, పైన నున్నది. గుడిమిద్దెపైఁ బూర్వులు ఇటుకముక్కలు, సున్నము కలిపి, కరకకాయ నీరు చల్లుచు కొయ్యలతో నాళ్ల తరబడి బాది నీరు పోవు వాటమునకు గచ్చు పఱచిరి. ఆ పైగచ్చు ఎండకు పగులును. పగులులో గాలికి వచ్చిన మట్టి చేరును. మట్టిలో మఱ్ఱి, రావి విత్తు పడి మొలచును. వేరు బండల యతుకులలోనికి దిగును. వాన కురిసినపుడు నీరు ఆ దారినే దిగి, బండను దాఁటి, చిత్తరువు వెనుక చేరును. మన యనంతపురపుసీమ వాన మిక్కిలి తక్కువైన ప్రాంతములలో నొకటి; లేపాక్షి గచ్చు నిన్నియేండ్లు నిల్చుట కదియు నొక కారణమని మాకుఁ దోఁచును. కఱవు మన పొలముల నెండఁబెట్టి చిత్తరువుల నారఁబెట్టినది కాఁబోలు.

నీరు దిగుటతో ముగియదు. దిగునపుడు రాతిలోను సున్నములోను మట్టిలోను గల యుప్పులను కరగించి తెచ్చును. నీ రావిరియై పోఁగా నుప్పు పైపూఁత క్రిందనే పలుకులు కట్టి, రంగును లోపలినుండి పొడిపొడిగ నెగఁదన్నును. తెల్లని బూజువలెఁ గానవచ్చునది పెక్కుసారు లిదియే. మన పల్లెలలో మట్టిమిద్దెలపై నీరు దిగకుండుటకు చవుడు పఱచుట వాడుక. చవుడు మంచి కాపుదల యే. కాని క్రింద గచ్చుకప్పు, దానిపై రంగు ఉన్నచోట, ఆ చవుటి యుప్పే పగతుఁ డగును. ఇది కాక గబ్బిలముల పెంట, దీపముల మసి, వంటపొగ, భక్తులు నూనెచేతులతో ముట్టుట, తేనెపట్లు, కందిరీఁగల మట్టిగూండ్లు. ఒకానొక కాలమున లేపాక్షి వంటి మహాలయముల మండపములే దారినపోవు వారికి వంటయిండ్లుగా నుండెడివి.

సిమెంటు నేల కూడదని కొంద ఱడుగుదురు. కూడదనుటకు మూఁడు కారణములు చాలును. సున్నము మెత్తన, సిమెంటు కఱకు. ఎండకును చలికిని రెండును వేఱువేఱుగాఁ గదలును గావున అతుకు విడును, విడునపుడు మెత్తనిదే చినుఁగును. సున్నము గాలి పీల్చును, సిమెంటు పీల్చదు. వెనుకఁ జేరిన నీరు పోవు దారిలేక ప్రక్కనున్న పాతగచ్చులోనికే ప్రాఁకును. మూఁడవది, సిమెంటులోనే కరగెడు నుప్పు లున్నవి. పట్టుచీర చినిఁగెనని గోనెపట్టా అతుకువేసి లాగి కుట్టిన నేమగునో నేఁతవారికి మేము చెప్ప నక్కఱలేదు.

మెఱుఁగు రంగులది వేఱొక కథ. దానికి మనదేశమందే పెద్ద నిదర్శన మున్నది. అజంత గుహలు నిజాము ప్రభుత్వము క్రింద నుండఁగా, గులాం యజ్దానీ గారి పర్యవేక్షణమున, సెక్కోని, ఒర్సీని యను నిటలీదేశపు నిపుణు లిద్దఱిని 1920లో రప్పించిరి. వారు రెండు శీతకాలములు పనిచేసి, యూడిపోవుచున్న గచ్చును మరల రాతికిఁ గఱపించిరి. ఆ పనివలన నెంతయో మిగిలినది. వారికి మనము కృతజ్ఞులము. కాని చిత్తరువులు ప్రకాశించుటకై వానిపై లక్కపూఁత పూసిరి. నాఁడు రంగులు మిలమిల మెఱసినవి. కొన్నియేండ్లకు లక్క పసుపువాఱి, గోధుమవన్నె తిరిగి, పగిలి, రంగుపొరను తనతో లాగసాగెను. తరువాత భారత పురావస్తుశాఖ రసాయనజ్ఞులు దశాబ్దములపాటు కూర్చుండి యా లక్కను తీయవలసివచ్చెను. పూయుటకు రెండు శీతకాలములు, తీయుటకు రెండు తరములు. పూసినవారు మూఢులు కారు. ఆ కాలమున నా విద్యలో మిక్కిలి యెఱిఁగినవారు. మన యూరి పెయింటరున కంతకంటె నెక్కువ తెలియు ననుకొనుట సాహసము.

ఐరోపాలోను నిట్లే. రోమాపురపు సిస్టీను మందిరపు కప్పును మైకెలాంజెలో 1508 మొదలు 1512 వఱకు చిత్రించెను. అనఁగా లేపాక్షి కప్పుకంటె నించుక ముందు. కొవ్వొత్తుల మసి పట్టినప్పుడెల్ల తరువాతివారు జిగురు పూసి మెఱుఁగు పెట్టిరి. ఆ జిగురే నల్లఁబడెను. 1980లో మొదలిడి 1989 వఱకు కప్పును కడిగి జిగురును తీసినపుడు క్రింద నింత ప్రకాశమగు రంగు లుండెనా యని లోకము విస్తుపోయెను. కడుగుటలో చిత్రకారుఁడు గచ్చు ఆఱిన పిదప పైన దిద్దిన నీడలు కొన్ని పోయినవని మఱికొందఱు విద్వాంసులు నిష్ఠురముగ వాదించిరి. అంతటి ద్రవ్యము, అంతటి శాస్త్రము వెంటనున్నచోటనే యింత సందేహ మున్నది.

ఇచ్చట మా మాటకు ఎదురాడువారి పక్షముకూడఁ జెప్పుట న్యాయము. గుడి మ్యూజియము కాదు. దేవుఁ డున్నచోట కప్పు మాసి యుండరాదు. పూర్వులును పాతదానిపైఁ గ్రొత్తగ వ్రాయించిరి గదా యందురు. నిజమే. తంజావూరు బృహదీశ్వరాలయమున చోళులకాలపు చిత్తరువులపై నాయకరాజులు క్రొత్తగచ్చు పూయించి తమ చిత్తరువులు వ్రాయించిరి. 1931లో అన్నామలై విశ్వవిద్యాలయమునకుఁ జెందిన ఎస్. కె. గోవిందస్వామి గారు పైపొర రాలినచోట లోపలి చోళచిత్రమును కనుఁగొనిరి. తొమ్మిదివందల యేండ్లనాఁటి నాట్యకత్తెలు, సుందరమూర్తి కథ, త్రిపురాంతకుఁడు అట్లు వెలికివచ్చిరి. కాని గమనింపుఁడు: నాయకరాజుల పనివారు పాతగచ్చును రాల్పలేదు. దానిమీఁద పూసిరి. అందుచే పాతది చీఁకటిలో దాఁగియైన నుండెను. మన మిప్పుడు సుత్తితో మొదలుపెట్టుచున్నాము. హంపీ విరూపాక్షాలయపు రంగమండపమున మత్స్యయంత్రము కొట్టు నర్జునుఁడును, పల్లకిలో విద్యారణ్యులును కప్పున నున్నారు. అందలి నేఁటి రంగు చాలవఱకు తరువాతి కాలమున మరల వేసినదని పలువురు పండితుల మతము. లేపాక్షి ద్రౌపదీ స్వయంవరమును, హంపీ స్వయంవరమును ఒకదాని వెంట నొకటి చూచినవారికి తేడా తెలియును. హంపీలో కథ యున్నది, అందమున్నది. కాని నేఁతవాఁడు నమ్మి లెక్కపెట్టఁదగిన యంచు లేపాక్షిలో నున్నది. మరల వ్రాసినవాఁడు తానెఱిఁగిన బట్టనే కట్టించును. అతని తప్పు కాదది. ఎవ్వఁడైన నంతే చేయును.

కాఁబట్టి దేవుని సేవకై గుడిని శుభ్రముగ నుంచుట వేఱు, సాక్ష్యమును చెఱపుట వేఱు. సర్ జాన్ మార్షలు 1923లో పురావస్తుశాఖకై రచించిన సంరక్షణగ్రంథము మొదలు, 1964లో వెనీసు నగరమున దేశదేశపు నిపుణులు చేసిన కట్టడివఱకు, అందఱు నొప్పుకొన్న న్యాయ మొకటి గలదు: ఊహ మొదలగుచోట చేయి నిలుపవలెను, క్రొత్తగఁ జేర్చినది పాతదానినుండి పోల్చుకొనునట్లు ఉండవలెను. ఈ న్యాయము లేపాక్షి వంటి పురావస్తుశాఖాధీనములకు 1958 నాఁటి చట్టముచే రక్షణగా నున్నది. 2022లో లేపాక్షి యాలయమును, ఏకశిలానందియు యునెస్కోవారి తాత్కాలిక జాబితాలోఁ గూడఁ జేరినవి. చట్టము కాపాడని చిన్నగుళ్ల సంగతియే మా చింత. అక్కడ కట్టడియు, న్యాయమును, చట్టమును దాతయే.

అట్టి దాతకు పని యెట్లు నడుపవలెనో స్థూలముగాఁ జెప్పెదము. మొదట క్రింద చేయి పెట్టకుఁడు. మిద్దె యెక్కుఁడు. మొక్కలను లాగకుఁడు, లాగిన వేరుతో బండయు గదలును. మొదలు కోసి, వేరు చచ్చునట్లు చేసి, ఎండినపిదప తీయవలెను. నీటి తూములు తెఱచి, పైగచ్చు పగుళ్లను సున్నముతోనే పూడ్చి, ఒక వానకాలము ఊరకుండుఁడు. ఆ వానకాలమున లోపల నెచ్చట తడి కానవచ్చునో సుద్దతో కాదు, కాగితముపైఁ గప్పుపటము గీసి గుర్తింపుఁడు. ఒక వానకాలము గడువకుండ క్రింద పని మొదలిడిన దాత ధనమును నీటిలోఁ బోయువాఁడే. అటుపిమ్మట కప్పును పట్టీపట్టీగా, పగటివెలుతురులో, ప్రక్కవాటు వెలుతురులోను ఛాయాచిత్రములు తీయింపుఁడు. నేఁడు చేతి ఫోనుతోనే యా పని బాగుగ జరుగును, ఖర్చు లేదు.

తరువాత డొల్లచోట్లకు మెత్తలు కట్టిన కొయ్యల నూఁతయిచ్చి, వెనుకకు సున్నపుపాలను సన్నని గొట్టముతో నెక్కించి, నాలుగు దినము లొత్తి యుంచవలెను. రాలి మిగిలిన గచ్చు అంచులకు సన్నని సున్నపుకట్టు కట్టవలెను. ఇది నిపుణుని పని. పురావస్తుశాఖవారి విజ్ఞానవిభాగము నడిగినఁ దగినవారిని చూపుదురు. మసి దులుపుటకు మెత్తని కుంచె. నీళ్లు, సబ్బు, నిమ్మకాయ, సోడా పనికిరావు. గచ్చు పూర్తిగ పోయినచోట క్రొత్తసున్నము పూసి, పాతదానికంటె వెండ్రుకవాసి లోఁతుగ నుంచి, చుట్టునున్న వన్నెకుఁ దగు మాసినరంగు నొకదానిని తేలికగఁ బట్టింపుఁడు. అక్కడ బొమ్మ వేయకుఁడు. కప్పున తెల్లని గాయమువలె మెఱయకుండ, దొంగబొమ్మవలె నమ్మింపకుండ నుండుటే దాని పని. బొమ్మలేమియు లేని వట్టి గచ్చుకప్పులకు సైత మీ క్రమమే తగును. పెనుగొండ గగనమహలులో గచ్చుతో తీర్చిన కమానులను చూచినవారికి, గచ్చు తనంతట తానే శిల్పమని తెలియును.

క్రొత్తబొమ్మలు కావలయునను కోరిక కొందఱికుండును. దాని కడ్డము చెప్పము. క్రొత్తగఁ గట్టు కల్యాణమండపమున్నది, అందుఁ గావలసినంత కప్పున్నది. అచ్చట దేవలమహర్షి తామరతూఁటి నూలుతో దేవతలకు వస్త్రములు నేసిన కథను మన చిత్రకారులచే వ్రాయింపుఁడు. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు రంగులద్దు నిపుణు లున్నారు. లేపాక్షి గీఁతకును వారి గీఁతకును చుట్టరికము చూచినవాని కెల్లఁ దెలియును. వారికిఁ బని దొరకును, మన కథయు నిలుచును, పాతకప్పు పాతదిగ నుండును.

ఇఁక నేఁతపక్షమునఁ జేయవలసిన దొకటి. లేపాక్షి కప్పున నున్న చీరల నంచులు, చెఱఁగులు, గడులు ఒక్కటొక్కటిగఁ జూచి, గడికాగితముపై కెక్కించి, ఏ రంగు ప్రక్క నేరంగో వ్రాసి యొక పుస్తకముగా మన సభ తరపునఁ జేయించినచో, ధర్మవరపు మగ్గములకు జాకార్డు అట్టలు కొట్టువారికి శాశ్వతమగు మూలధనమగును. చిత్తరువును తాకనక్కఱలేదు, చూచుటకును, దూరమునుండి దీపపు మెఱపు లేక ఛాయాచిత్రము తీయుటకును అక్కడి యధికారుల యనుమతిని వ్రాసి పొందవలెను. ఒక చౌడేశ్వరీ యాలయపు కప్పునకు సిమెంటును మెఱుఁగురంగును వేయు ఖర్చులో కొంతభాగ మీపనికిఁ జాలునని మా నమ్మకము.

గుళ్ల పనులు మొదలిడఁదలఁచిన దాతల కొక చిన్నమాట. సంచిలో వచ్చు పొడిసున్నముతో నీ పని కాదు. రాతిసున్నమును తెప్పించి, గుంటలో నీటిక్రింద కనీసము మూఁడునెలలు మగ్గనీయవలెను. ఎంత మగ్గిన నంత వెన్న. వచ్చువేసవిలో మిద్దెపైఁ జేయి పెట్టవలెనన్నచో సున్నపుగుంట యిప్పుడే త్రవ్వింపవలెను. గానుగరాళ్లు మన యూళ్లలో పాతగుళ్ల వెనుక నింకను బడియున్నవి. కరకకాయలు నాటుమందుల యంగళ్లలో దొరకును.